వాసన బండిది

"ఊదమంటే ఊదుతాను. పోలీస్ స్టేషన్ ఇక్కడికి రెండు సందులే. పదండి, ఊదించండి," అంది నెమేసియా. అలా అనడం అది మూడోసారి.

ఎవరూ కదల్లేదు. గురువారం పొద్దున్నే, ఏడు కూడా కాలేదు. కొండ మీది ఎల్ ఆల్తో ఊరంతా వానలో నానుతోంది. వంకాయరంగు మొక్కజొన్న జావ రోడ్డు మీద పొగలు కక్కుతూ పారుతోంది. జావ అమ్ముకునే ఆవిడ తోపుడుబండి చక్రం ఊడి పక్కకి ఒరిగిపోయింది. ఆవిడకి దెబ్బ తగల్లేదు కానీ ఒలికిపోయిన గిన్నె చూసుకుని శాపనార్థాలు పెడుతోంది. నెమేసియా నడుపుతున్న మినీబస్సు కుడివైపు లైటు పగిలింది, బంపరు వంగింది. దిగిన పదకొండు మంది ప్రయాణికులూ కొట్టు ముందు కట్టిన పట్టా కిందకి చేరి తమాషా చూస్తున్నారు.

"అద్దం మీద ఆవిరి పట్టేసింది. ఒక్కసారిగా ఏమీ కనపళ్లేదు. బ్రేకు వేశాను కాబట్టి చక్రంతో పోయింది," అంది నెమేసియా.

"ఆవిరి కాదమ్మా, ఇంకేదో పట్టింది," అంది పట్టా కింద నుంచి దోన్యా రుఫీనా. రోజూ ముందు సీట్లో కూర్చుని సేహా బజారుకి వెళ్లే ఉల్లిపాయల వ్యాపారి ఆవిడ. కుచ్చుల లంగాలు తడవకుండా ఎత్తి పట్టుకుని, పక్కావిడ వైపు తిరిగి గొంతు తగ్గించింది. తగ్గించినా రోడ్డు అవతలికి వినిపించే గొంతు అది. "వారం నుంచీ చూస్తున్నా. బండి ఎక్కితే చాలు, బీరు కంపు. పైకి చూస్తే బైబిలు!"

బండి యజమాని ఫాబియాన్ ఇల్లు దగ్గరే. పది నిమిషాల్లో గొడుగేసుకుని వచ్చాడు. తోపుడుబండి వైపు చూశాడు, లైటు వైపు చూశాడు. డ్రైవరు వైపు తలుపు తీసి, తల లోపలికి పెట్టి, ముక్కు ఎగబీల్చాడు.

"మందు కంపు," అన్నాడు.

"నేను తాగనని మీకు తెలుసు ఫాబియాన్ గారూ. బాప్తిస్మం తీసుకున్నాక తొమ్మిదేళ్లుగా చుక్క ముట్టలేదు. పదండి, పోలీసుల దగ్గరికే పోదాం."

"పోలీసుల దాకా పోతే బండిని వాళ్ల దొడ్లో వారం కట్టేస్తారు. ఆ వారం రాబడి నువ్వు కడతావా?"

అదీ సంగతి. రెండు నిమిషాల్లో తేలిపోయే నిజం బండి ఖాళీగా ఉండకూడదని తేలకుండా ఆగిపోయింది. ఆమె పరువుకి వారం సెలవు ఇవ్వొచ్చు, బండికి ఇవ్వకూడదు. నెమేసియాకి ఒళ్లు మండిపోయింది. తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టలేదు, అరచేతిలో కొట్టింది.

తొమ్మిది గంటలకల్లా డ్రైవర్ల సంఘం నాయకుడు ఆబ్దోన్ నల్ల అట్ట రికార్డు పుస్తకం తెచ్చి స్టాపులో బల్ల మీద తెరిచాడు. ఎవరేం చేసినా ఆ పుస్తకంలోకి ఎక్కాల్సిందే, ఎక్కింది కొట్టెయ్యడానికి లేదు. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ రాశాడు: 'డ్రైవరు దగ్గర మద్యం వాసన. ఆదివారం సభలో తేల్చేదాకా బండి నడపరాదు.'

"నన్ను వాసన చూసి రాయండి. మీ ముందే నిలబడ్డానుగా," అంది నెమేసియా.

"చూసినవాళ్లు చూశారు," అన్నాడాయన, పుస్తకం మూస్తూ.

సభలో ఆమెకి వ్యతిరేకంగా చేతులు లేచాయంటే ఈ లైనే కాదు, ఊళ్లో ఏ లైనులోనూ ఆమెకి స్టీరింగు దొరకదు. లైను మొత్తంలో ఆడ డ్రైవరు తనొక్కతే. ఎక్కిన రోజు నుంచీ దిగే రోజు కోసం కాచుకున్నవాళ్లు ఉన్నారని ఆమెకి తెలుసు. సాయంత్రం పాస్టరు కూడా ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "సిస్టర్, దేవుడి ముందు దాపరికం ఉండకూడదు," అన్నాడు. ఆయనకి టీ కూడా ఇవ్వకుండా పంపించింది.

శుక్రవారం తెల్లారేసరికి మెకానిక్ సెనోబియో షెడ్డు ముందు నిలబడింది. లైటు మార్చడానికి బండిని అక్కడే పెట్టారు. సెనోబియోకి అరవై దాటాయి. దవడలో కోకా ఆకు ఉండగా పని చేస్తాడు, అది అయిపోతే పనీ ఆపేస్తాడు.

"నన్ను లైటు మార్చమన్నారు అమ్మాయ్. అద్దం సంగతి ఎవడూ చెప్పలేదు."

"చెప్పరు. అద్దానిది తప్పైతే నాది కాకుండా పోతుందిగా బాబాయ్."

ఆయన నవ్వలేదు. ఆకు ఎడమ దవడలోకి మార్చాడు. "ఎప్పట్నుంచి?"

"కార్నివాల్ అయినప్పట్నుంచి. రెండు వారాలు దాటింది. వాన పడితే మరీనూ."

"బంగాళాదుంప కోసి రుద్దావా?"

"రోజుకొకటి. షాంపూ రాశాను. గుడ్డతో తుడిచి తుడిచి భుజం పడిపోయింది. కిటికీ దించితే కాస్త నయం, కానీ ఈ చలిలో కిటికీ దించితే వెనకాల కూర్చున్నవాళ్లు నన్ను బతకనిస్తారా?"

ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని అద్దం లోపలివైపు చూపుడువేలితో గీత గీశాడు. వేలినీ బొటనవేలినీ రుద్ది చూశాడు. వాసన చూశాడు. నాలుక చివర అంటించుకున్నాడు.

"జిడ్డు లేదు. తీపి లేదు. హీటరు కారితే జిడ్డుగా, తియ్యగా ఉంటుంది." సీటు పైకెత్తి, ఇంజను పక్కనున్న సీసాలో హీటరు నీళ్లు చూశాడు. గీత దగ్గరే ఉన్నాయి. "చుక్క తగ్గలేదు. హీటరు కాదు."

"రేడియేటరు వాడు హీటరు మార్చాల్సిందే అన్నాడు."

"రేడియేటరు వాడికి అన్నీ హీటర్లే."

ఇంజను స్టార్టు చేసి వేడెక్కేదాకా ఇద్దరూ కూర్చున్నారు. షెడ్డు రేకుల మీద వాన మోగుతోంది. ఆయన ఫ్యాను వేసి, పైనున్న మీటను లోపలి గాలి వైపు జరిపాడు. అద్దం మీద పలచటి తెర మెల్లమెల్లగా తగ్గింది. అప్పుడు మీటను బయటి గాలి వైపు జరిపాడు.

"బయటి గాలి హీటరు మీదుగా వస్తే అద్దం ఆరిపోవాలి," అన్నాడు.

ఆరలేదు. అద్దం అడుగు అంచు నుంచి తెల్లగా ఆవిరి పైకి పాకింది. అరనిమిషంలో ఎదురుగా ఉన్న గోడ మాయమైంది. దాంతోపాటు వాసన కూడా వచ్చింది. పులిసిన బీరు వాసన. పెళ్లి మర్నాడు హాలు తలుపు తీస్తే కొట్టే వాసన.

రెండు వారాలుగా ఆ వాసనలోనే కూర్చుని కూర్చుని నెమేసియా ముక్కుకి అది తెలియడం మానేసింది. తనతో ఎక్కిన ప్రతివాడి ముక్కుకీ తెలిసింది.

"ఇదే బాబాయ్! వాళ్లు నా నోట్లోంచి వచ్చిందన్నది ఇదే!" డాష్‌బోర్డు మీద పిడికిలితో కొట్టింది. "దొంగ ముండాకొడుకులు!"

"సిస్టర్‌వి," అని గుర్తుచేశాడు సెనోబియో.

"సిస్టర్‌నే. దేవుడు వినే అంటున్నా."

ఆయన దిగి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. అద్దం కింద, వైపర్ల మొదట్లో గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది. అందులో నీళ్లు పోసి, "కుడి చక్రం వెనక చూడు. అక్కడ గొట్టం ఉంటుంది, పోసింది పోసినట్టు కారాలి," అన్నాడు.

నెమేసియా తడి నేల మీద బోర్లా పడుకుని చూసింది. గొట్టం చివర పొడిగా ఉంది. రెండో గ్లాసు పోశాడు. మూడోది పోశాడు. చుక్క రాలేదు. లేచి, ముందు సీటు కింద చాప ఎత్తింది. అడుగునున్న స్పాంజి పిండితే నీళ్లు ధారకట్టాయి.

"బండి కడుపులో చెరువుంది. ఫ్యాను ఆ చెరువు మీద గాలి తీసుకొచ్చి అద్దానికి కొడుతోంది. ఇప్పుడు ఆ జాలీ విప్పాలి," అన్నాడు సెనోబియో.

విప్పాలంటే ముందు వైపర్లు ఊడాలి. వాటి నట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. పానా వేసి తిప్పితే నట్టు కదల్లేదు, పానాయే జారింది. ఆయన నట్ల మీద డీజిలు చుక్కలు వేసి, పైన గుడ్డపేలిక కట్టాడు. "రేపటికి నానుతుంది. బలం వాడితే తెగుతుంది. పో అమ్మాయ్, రేపు రా."

"రేపు శనివారం. ఎల్లుండే సభ!"

"నట్టుకి సభ సంగతి తెలీదు."

శనివారం వాన తెరిపిచ్చింది. నట్లు ఒక్కోటీ కిర్రుమంటూ వదిలాయి. సెనోబియో వైపర్లు పీకి గోడకి ఆనించాడు, జాలీకున్న ఆరు స్క్రూలు విప్పి టోపీలో వేసుకున్నాడు. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని జాలీ పైకెత్తారు.

లోపల రెండు వేళ్ల లోతున నల్లటి నీళ్లు. నీళ్ల మీద ముద్ద. పసుపు కాగితపు ముక్కలు, బంగారు రంగు కాగితపు ముక్కలు, కుళ్లి నల్లబడ్డ పూల రేకులు, రెండు మిఠాయి కాగితాలు, ఒక బీరు సీసా మూత. నీళ్లు పోవాల్సిన కన్నంలో ఆ ముద్దే బిరడాలా దిగిపోయి ఉంది.

నెమేసియా ఆ పసుపు ముక్కల్ని గుర్తుపట్టింది.

కార్నివాల్ మంగళవారం అందరూ ఇళ్లకీ, కొట్లకీ, బళ్లకీ చల్యా చేస్తారు. పూలు చల్లి, రంగు కాగితాలు చల్లి, భూమితల్లికి బీరు పోసి, ఏడాదంతా చల్లగా చూడమంటారు. ఆ రోజు ఫాబియాన్ దర్జాగా చేశాడు. మిగతావాళ్లు ఏ రంగైనా చల్లుతారు, ఆయన పసుపూ బంగారమూ తప్ప చల్లడు, అది సంపద రంగని. చర్చికి పోయే మనిషి కాబట్టి నెమేసియా చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. అందరూ నవ్వారు. "సిస్టరమ్మకి భూమితల్లి చేదైంది! ఫర్వాలేదులే, ఆమె వంతు కూడా నేనే పోస్తా," అన్నాడు ఫాబియాన్. ముందు బంపరు మీదకెక్కి నిలబడి, అద్దం మొదట్లో, సరిగ్గా ఈ జాలీ మీద, సీసా తర్వాత సీసా ఒంపాడు. ఆమె వంతు! ఆమె పేరు చెప్పి పోసిన బీరే ఆమె నోట్లోంచి వచ్చిందని అదే మనిషి పుస్తకంలో రాయించాడు.

ముద్దని పీకి పారెయ్యడానికి చెయ్యి పెట్టింది. వేళ్లు నీళ్లకి తగిలాక ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు బాబాయ్. మూసెయ్."

"మూసెయ్యడమేంటి? ఇంత కష్టపడి విప్పింది చూసి మూయడానికా?"

"ఇవాళ బాగుచేస్తే రేపు ఏమంటారు? బండి శుభ్రంగానే ఉందిగా, తాగింది నువ్వేగా అంటారు. ఒక్క రేకు కూడా కదపొద్దు. రేపు బండిని ఇలాగే సభ దగ్గరికి తీసుకురా. నాకు తాళాలు లేవు, నీకున్నాయి."

సెనోబియో కాసేపు నమిలాడు. "నేనూ చల్యా చేస్తానమ్మాయ్, నీలాగా కాదు," అన్నాడు. "మా అమ్మ చేసింది, నేను చేస్తాను, నా షెడ్డుకి ఈ ఏడు కూడా చేశాను. కానీ నేల మీద పోస్తాను. ఆవిడుండేది నేలలో, ఫ్యానులో కాదు. ఆవిడ పేరు చెప్పి నీ కడుపు కొడితే అది నాకూ అవమానమే." టోపీలోంచి స్క్రూలు తీసి, ఒక్కోటీ మళ్లీ బిగించాడు.

ఆదివారం పొద్దున్న సంఘం ఆవరణలో ముప్ఫై రెండు మినీబస్సులు వరసగా ఆగి ఉన్నాయి. చినుకులు పడుతున్నాయి. డ్రైవర్లు జేబుల్లో చేతులు పెట్టుకుని గుంపుగా నిలబడ్డారు. సెనోబియో బండిని గేటులోంచి తెచ్చి మధ్యలో ఆపాడు. ఇంజను ఆపలేదు.

"సిస్టరమ్మ ప్రార్థన చేసుకుని వచ్చిందా, నోరు పుక్కిలించుకుని వచ్చిందా?" అన్నాడు ఎవడో. నవ్వులు.

ఆబ్దోన్ పుస్తకం తెరిచాడు. "ముందు యజమాని మాట—"

"ముందు ముక్కు మాట," అంది నెమేసియా. "ఆబ్దోన్ గారూ, మీరు పొద్దున్న ఏం తాగారు?"

"కాఫీ. ఎందుకు?"

"ఒక్క ఐదు నిమిషాలు నా సీట్లో కూర్చోండి. కిటికీలు మూసి, ఫ్యాను వేసుకుని. మీరొక్కరే. నేను దగ్గరికి కూడా రాను."

ఇదేదో తమాషాగా ఉందని అందరూ ఊ అన్నారు. ఆబ్దోన్ టోపీ సర్దుకుని ఎక్కాడు. తలుపు మూసుకుంది. సెనోబియో బయటి నుంచే వేలితో సైగ చేసి మీట చూపించాడు. మొదటి నిమిషం ఆయన అద్దంలోంచి చెయ్యి ఊపాడు. రెండో నిమిషంలో ఆయన గెడ్డం కనపడలేదు, తర్వాత ముక్కు, తర్వాత టోపీ. సంఘం నాయకుడు అందరి కళ్ల ముందూ మాయమైపోయాడు. నవ్వులు ఆగిపోయాయి.

నాలుగో నిమిషంలో తలుపు తీసుకుని ఆయనే దిగాడు, దగ్గుతూ. కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు.

"రాయండి," అంది నెమేసియా. "నాయకుడి దగ్గర మద్యం వాసన. రాయండి! ఆదివారం పొద్దున్నే, సభలోనే!"

దగ్గరగా ఉన్న ఇద్దరు ఆయన కోటు వాసన చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సెనోబియో అప్పటికే పానా తీశాడు. వైపర్లు ఊడాయి, స్క్రూలు టోపీలో పడ్డాయి. నెమేసియా జాలీ ఎత్తి పక్కన పెట్టింది. అందరూ మెడలు చాచారు. పసుపూ బంగారమూ చూశాక ఎవరి చల్యానో ఎవరూ అడగలేదు. చూపులన్నీ ఫాబియాన్ మీదకి పోయాయి.

"నేను మంచికే పోశాను," అన్నాడు ఫాబియాన్.

"మంచికే పోశారు. నా వంతు కూడా పోశారు. అది తాగింది మాత్రం నేను!"

దోసిళ్లతో ముద్ద తీసింది. కొంచెం తన సంచిలోంచి తీసిన జాం సీసాలో వేసి మూత బిగించింది, మిగతాది చెత్తతొట్లో పడేసింది. సెనోబియో కన్నంలోకి తీగ దింపి రెండుసార్లు తిప్పి లాగాడు. గుడగుడమని శబ్దం వచ్చి, బండి కింద గొట్టంలోంచి నల్లనీళ్లు ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. అక్కడ నిలబడ్డది ఫాబియాన్. పాలిష్ చేసిన బూట్ల మీద నుంచి నీళ్లు పారుతున్నా ఆయన జరగలేదు. తర్వాత ఒక బక్కెట్ మంచినీళ్లు పోస్తే పోసినవి పోసినట్టు చక్రం వెనక కారిపోయాయి.

చేతులు తుడుచుకుంటూ నెమేసియా తల ఎత్తేసరికి గుంపు పలచబడింది. ఇందాక పుక్కిలింత గురించి అన్నవాడు తన బండి జాలీ సందులోకి సైకిలు చువ్వ గుచ్చుతున్నాడు. పక్కవాడు వేళ్లతో గులాబీ రంగు కాగితాలు లాగుతున్నాడు. వరసలో ఇంచుమించు సగం బళ్ల మీదకి డ్రైవర్లు వంగి ఉన్నారు, గిల్లుతూ, లాగుతూ, ఎవరి వైపూ ఎవరూ చూడకుండా.

ఫాబియాన్ తాళాలు ముందుకి చాపాడు. "తీసుకో సిస్టర్. అయిపోయిందిగా."

ఆమె తీసుకోలేదు. "పుస్తకంలో అవలేదు."

"అందరూ చూశారుగా, ఇంకా రాయడమెందుకు?" అన్నాడు ఆబ్దోన్.

"గురువారం కూడా అందరూ చూశారు. అయినా రాశారు."

ఫాబియాన్ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆయన కళ్లు ఆమె కళ్లని తప్పించుకుని బూట్ల మీదకి దిగాయి. చినుకులు పెద్దవయ్యాయి. ఆఖరికి ఆబ్దోన్ పుస్తకాన్ని కోటు కింద దాచుకుని, వంగి, ఈసారి పైకి చదువుకోకుండా రాశాడు. ఆయన భుజం మీద నుంచి వంగి ఆమే చదివింది: 'వాసన బండిది. డ్రైవరుది కాదు.'

"కింద ఫాబియాన్ గారి సంతకం," అంది.

ఫాబియాన్ సంతకం పెట్టాడు. క్షమించమని ఆయనా అనలేదు, ఆబ్దోనూ అనలేదు, చేతులు లేపడానికి వచ్చిన ముప్ఫై మందిలో ఒక్కడూ అనలేదు. నెమేసియా తాళాలు తీసుకుంది.

సోమవారం పొద్దున్న మళ్లీ వాన. ఫ్యాను పొడిగా, వెచ్చగా గాలి కొడుతోంది. ముందు అద్దంలోంచి చివరి దీపస్తంభం దాకా రోడ్డు కనిపిస్తోంది. నాలుగో స్టాపులో దోన్యా రుఫీనా ఉల్లిపాయల మూటతో ఎక్కి, తన సీట్లో సర్దుకుని, ముక్కు ఎగబీల్చింది. ఒకసారి, ఇంకోసారి.

"వాసన లేదే!" అంది. మొహం వెలిగింది. నెమేసియా తొడ మీద తట్టింది. "మానేశావన్నమాట. మంచి పని చేశావు తల్లీ. ఆడపిల్లకి అదేం అలవాటు!"

నెమేసియా బ్రేకు వేసింది. వెనక పదిమందీ ముందుకి తూలారు. సీటు కింద నుంచి జాం సీసా తీసి, మూత తిప్పి, ఆవిడ ఒళ్లో పెట్టింది.

"వాసన చూడు పిన్నీ. నేను తాగింది ఇదే."

దోన్యా రుఫీనా చూసింది. మొహం చిట్లించి తల వెనక్కి లాక్కుంది. మళ్లీ చూసింది. పసుపు ముక్కని గోటితో కదిపింది. రెండు నిమిషాల్లో నెమేసియా సంగతంతా చెప్పింది, కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పకుండా. ఆవిడ సీసా తీసుకుని వెనక్కి తిరిగింది.

"చూడండి, చూడండి! ఫాబియాన్ చేసిన నిర్వాకం! పాపం ఈ పిల్ల మీద ఎంత నింద వేశారో!" సీసా చేతులు మారుతూ వెనక సీటు దాకా పోయింది. అందరూ వాసన చూశారు, అందరూ అయ్యయ్యో అన్నారు. "నాకు ముందే తెలుసు. ఈ పిల్ల అలాంటిది కాదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అంది దోన్యా రుఫీనా.

"ఎవరికి చెప్పావు పిన్నీ?" అంది నెమేసియా.

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. దోన్యా రుఫీనా ఉల్లిపాయల మూట ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. సీసా వెనక నుంచి తిరిగొచ్చింది. నెమేసియా మూత గట్టిగా బిగించి, ఎక్కేవాళ్లకి కనిపించేలా అద్దం ముందు పెట్టి, గేరు వేసింది.